ఎనిమిది కిలోల సంచి

"ఇల్లు ఖాళీ చేస్తున్నారా మాస్టారూ?"

ఈ మాట నన్ను అన్నది నందిగామలో ఫిజిక్సు చెప్పే ఒక లెక్చరర్ గారు. అన్న చోటు గరికపాడు దగ్గర హైవే పక్కన ఒక ధాబా. అని నాలుగేళ్ళయింది. ఇప్పుడు అడిగితే "నేనా? నేనెప్పుడన్నానండీ?" అంటారు. అన్నప్పుడు ఆయన ఎడం చేతిలో టీ గ్లాసు, కుడి చేతిలో సగం కొరికిన బిస్కెట్టు ఉన్నాయి. ఆ బిస్కెట్టుతోనే నా సైకిల్‌ని చూపించారు. ఆయనకి మాట కూడా గుర్తులేదు. నాకు బిస్కెట్టు కూడా గుర్తుంది.

నేను జగ్గయ్యపేటలో ఉంటాను. దగ్గర్లోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. యాభై దాటాక డాక్టరు నడవమంటే, నడకలో ఎదురుపడ్డ ప్రతివాడూ పలకరిస్తాడని విసుగొచ్చి సైకిల్ కొన్నాను. అలా కొన్నవాళ్ళం ముగ్గురం కలిశాం. లెక్చరర్ గారు ఒకరు. రెండోవాడు నాతోపాటు ఇంటర్ చదివినవాడు, నందిగామలో తండ్రి తర్వాత మిరపకాయల కమీషన్ కొట్టు నడుపుతున్నాడు. ఊరంతా షావుకారు అంటారు కాబట్టి నేనూ ఇక్కడ అలాగే అంటాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు ముగ్గురం సైకిళ్ళ మీద సామాను కట్టుకుని, ఏ ఏటి ఒడ్డుకో గుట్ట పక్కకో పోయి, గుడారాలేసుకుని రాత్రి పడుకుని, మర్నాడు తిరిగొస్తాం. అంతే. అందులో గొప్పేమీ లేదు. కానీ పైన ఆకాశం పెట్టుకుని పడుకున్న ఆ ఒక్క రాత్రి, నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో నాకు ఒక్కటీ గుర్తుకు రాదు. మిగతా రాత్రుల సంగతి మా ఆవిడనడగండి.

ఆ మొదటి ట్రిప్పులో నా సైకిల్ మీద ఉన్నవి చెబుతాను, తప్పెంతో మీరే తేల్చండి. గుడారం. రెండు లీటర్ల కుక్కరు. దోసెల పెనం, ఎందుకంటే పొద్దున్నే ఏదో ఒకటి తినాలి కదా. దుప్పటి, బొంత. దిండు, అది లేకపోతే నాకు మెడ పట్టేస్తుంది. ఛార్జింగ్ లైటు. స్టీలు బిందె, చిన్నదే. వాటి మీద గొడుగు. అన్నిటినీ పాత ట్యూబు ముక్కలతో క్యారియర్‌కి బిగించాను. ధాబా ముందు స్టాండు వేశానో లేదో, ముందు చక్రం గాల్లోకి లేచి సైకిల్ వెనక్కి కూర్చుంది. బిందె దొర్లుకుంటూ పోయి ఒక లారీ కింద ఆగింది. లారీ డ్రైవరు దాన్ని తీసి నా చేతికిస్తూ చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, అన్నీ తెచ్చిండ్రు గని గ్యాస్ బండ యాడ మరిచిండ్రు?"

ధాబా అంతా నవ్వింది. ఆ డ్రైవరు మీద నాకు కోపం లేదు. తెలియనివాడు. తెలిసినవాళ్ళు నవ్వారు, అదీ నా బాధ.

రెండో ట్రిప్పుకి బిందె మానేశాను. అయినా చందర్లపాడు దాటాక వెనక చక్రం పుల్లలు నాలుగు ఒకేసారి తెగిపోయాయి. బాగుచేసేవాడు దొరికేసరికి నాలుగ్గంటలు పట్టింది. దానివల్ల లెక్చరర్ గారు మర్నాడు తమ బావమరిది గృహప్రవేశానికి వెళ్ళలేకపోయారు. ఆయన భార్య ఆయనతో ఎన్నాళ్ళు మాట్లాడలేదో నాకు తెలియదు గానీ, ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. పుల్లలు తెగితే నేనేం చేస్తాను? సైకిల్ అమ్మినవాడికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

మూడో ట్రిప్పుకి పన్నెండు కిలోలు దాటకూడదన్నారు. బయల్దేరేముందు షావుకారు కొట్టులో కాటా వేస్తామన్నారు. నేను కుక్కర్ని ముందుగానే సెంటర్లో కొబ్బరిబొండాలవాడి బండి కింద పెట్టి, పన్నెండు కిలోలు చూపించి, వెళ్ళేటప్పుడు కుక్కర్ని తీసుకున్నాను. ఇందులో దొంగతనం ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు. పన్నెండు కిలోలు చూపించమన్నారు, చూపించాను. రాత్రి ఆ కుక్కర్లో వండిన పప్పు ముగ్గురూ తిన్నారు. తిన్నాక దొంగన్నారు.

ఈ సంక్రాంతి సెలవులు అయిపోయిన కొన్నాళ్ళకి లెక్చరర్ గారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, ఫిబ్రవరిలో శుక్రవారం ఒక సెలవొచ్చింది. మర్నాడు రెండో శనివారం. గుడిమెట్ల వెళ్దాం, కృష్ణ ఒడ్డుకి. అయితే ఈసారి ఎనిమిది కిలోలండి."

"గుడారం కాకుండానా?"

"గుడారంతోనే. ఇంటి దగ్గర్నుంచి ఎలా తెచ్చారో అలాగే కాటా ఎక్కించాలి. కాటా దగ్గరికొచ్చాక తియ్యటాలు, పెట్టటాలు, బొండాల బండ్లు ఏమీ లేవు. ఎనిమిది దాటిందా, మీరు అట్నుంచటే జగ్గయ్యపేట. ఏమనుకోవద్దు. బ్యాంకుకి కొత్త మేనేజరు గారొచ్చారు, చోటు ఖాళీ ఉంటే ఒక్క ఫోన్ చాలు, ఆయనా వచ్చేస్తానంటున్నారు. ఆయన సంచి ఐదు కిలోలేనట."

ఆ "ఐదు కిలోలేనట" అన్నప్పటి గొంతు నేను మర్చిపోను. మనిషిని చూడకముందే ఆ మేనేజరంటే నాకు గిట్టకుండా పోయింది. అయినా విషయం స్పష్టం. ఎనిమిది దాటితే నా చోటులోకి ఆయనొస్తాడు. జగ్గయ్యపేటలో నాతో సైకిల్ తొక్కడానికి వేరే ఎవరూ లేరు. ఉన్న ఇద్దరితో నేను మాట్లాడను.

ఆ మూడు వారాలూ నేను బరువు తగ్గించాను. నాది కాదు, సంచిది. కొక్కేనికి తగిలించి తూచే చిన్న కాటా ఒకటి తెప్పించి, ఇంట్లో ప్రతి వస్తువునీ దానికి వేలాడదీశాను. ఒక్కో వస్తువుని చేత్తో పట్టుకుని, నువ్వు లేకపోతే నేను చస్తానా అని అడిగాను. దిండు పోయింది. విడిచిన చొక్కాని ఖాళీ సంచిలో కుక్కితే అదే దిండు. బొంత పోయింది. మా అక్కావాళ్ళు మిరపకాయలు ఎండబోసే పట్టాలో ఒక ముక్క కోసుకొచ్చాను, కింద పరచుకోవటానికి. తువ్వాలు, దుప్పటి, బట్టలు మార్చుకునేటప్పుడు చాటు, ఎండకి తలగుడ్డ, వీటన్నిటికీ కలిపి ఒక్క లుంగీ. సబ్బుని దారంతో నాలుగు ముక్కలు కోశాను. పళ్ళ బ్రష్షు కాడని సగానికి విరిచాను. అక్కడే మా ఆవిడకి అనుమానమొచ్చింది.

"ఏవండీ, బ్రష్షు విరిచేశారేంటి? నా మీద కోపం బ్రష్షు మీద చూపిస్తారా?"

"తొమ్మిది గ్రాములు తగ్గింది."

"తొమ్మిది గ్రాములకి బ్రష్షు విరిచే మనిషితో ముప్పై ఏళ్ళు కాపరం చేశా. దేవుడు చూస్తున్నాడులే."

సామాను సర్దటం కూడా నేర్చుకున్నాను. బరువైనవి కిందికి, చక్రం ఇరుసుకి దగ్గరగా ఉండాలి. రెండు పక్కలా సమానంగా ఉండాలి, లేకపోతే హ్యాండిల్ ఊగుతుంది. తేలికవి పైన. రోజూ సాయంత్రం విప్పి మళ్ళీ కట్టేవాణ్ణి. బయల్దేరే ముందురోజు కొక్కెం కాటా మీద ఏడు కిలోల ఆరొందలు వచ్చింది. నీళ్ళ సీసాతో సహా. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ లెక్కా నాకింత సంతోషం ఇవ్వలేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి, ఆదివారం చర్చికి అడ్డం రాని ట్రిప్పు కాబట్టి మా ఆవిడ సంతోషంగానే సాగనంపింది. సంతోషంగా అంటే చేతిలో రెండు వస్తువులు పట్టుకుని. ఒకటి పులిహోర పొట్లం, ఇద్దరికి సరిపడా. రెండోది గోంగూర పచ్చడి, గాజు సీసాలో.

"వద్దు," అన్నాను.

"నాలుగింటికి లేచి చేశా."

"ఎనిమిది కిలోలు దాటితే నన్ను రానివ్వరు."

"గోంగూర పచ్చడి తెచ్చాడని వెనక్కి పంపే మనుషులతో మీకేం స్నేహం? వద్దంటే చెప్పండి, ఇక్కడే పారబోస్తా."

పారబోసేది. అలాంటిది ఒకసారి జరిగింది, అప్పుడు చేపల పులుసు. నేను మర్చిపోలేదు, తనూ మర్చిపోలేదు. రెండూ కట్టుకున్నాను. తొమ్మిది కిలోల రెండొందలు.

ఊరు దాటగానే ఒక కల్వర్టు మీద కూర్చుని ఆలోచించాను. కడుపులో ఉన్న బరువు కాటాకెక్కదు. పులిహోర మొత్తం తినేశాను. ఆరున్నరకి, ఒక్కణ్ణే, ఇద్దరిది. ఇక మిగిలింది పచ్చడి సీసా. దానికి దారి సులువు. చిల్లకల్లులో మా అక్క ఉంది. ఆమెకిచ్చేస్తే నా సంచి మళ్ళీ ఏడు కిలోల ఆరొందలు. ఇంత తేలికైన లెక్క తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా ఇవ్వను.

అక్క వాకిట్లో ఇడ్లీల్లోకి కొబ్బరి పచ్చడి నూరుతోంది.

"ఏరా తమ్ముడూ, ఈ వేషమేంటి? రా, రా. ఇడ్లీ పెడతా."

"తినేసొచ్చానే అక్కా. ఇదిగో, మీ మరదలు గోంగూర పచ్చడి పంపింది. సీసా నువ్వే ఉంచుకో, నేను పోవాలి."

"సీసా ఉంచుకోవటమేంట్రా? ఒకళ్ళ గిన్నెలు దాచుకునే అలవాటు మన ఇంటా వంటా ఉందా? కూర్చో."

పచ్చడి తన జాడీలోకి తీసింది. సీసా కడిగింది. తుడిచింది. నేను చెయ్యి చాపాను. అక్క సీసా ఇవ్వలేదు, నా ముఖంలోకి చూసింది.

"ఖాళీ సీసా ఇమ్మంటావేంట్రా?"

ఇక్కడే నేను తప్పు చేశాను. మా ఇళ్ళల్లో గిన్నె నిండుగా వస్తే ఖాళీగా పోదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. ఇది నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసి కూడా బరువు దించుకోవటానికి మా అక్క ఇంటికి వెళ్ళాను.

"చిటికెడు పంచదార వెయ్యవే," అన్నాను.

"పంచదార వేసి పంపే గతి పట్టలేదులే నాకు."

గేదె నెయ్యి పోసింది, మూతికి అంగుళం కూడా తగ్గకుండా. తర్వాత, "మొన్న నువ్వు పట్టా ముక్క కోసుకుపోయావు, కూరకైనా ఏమీ పట్టుకుపోలేదు," అంటూ పాదు దగ్గరికెళ్ళి సొరకాయ కోసింది. సొరకాయ రెండు కిలోలు. నేను కోపంగానే వద్దన్నాను.

"ఇడ్లీ తినలేదు. సొరకాయ వద్దంటున్నావు. ఆ రోజు పొలం గట్టు దగ్గర మీ బావ ఏదో అన్నాడని ఇంకా మనసులో పెట్టుకున్నావు కదూ?"

పెట్టుకున్నాను. కానీ ఆ సంగతి ఇప్పుడెత్తితే నందిగామకి మధ్యాహ్నమవుతుంది. సొరకాయని క్యారియర్ మీద అడ్డంగా కట్టుకుని బయల్దేరాను. పది కిలోల అయిదొందలు. లారీలు పక్కనించి పోతుంటే సొరకాయకి రెండుసార్లు గాలి తగిలి సైకిల్ రోడ్డు దిగింది.

సొరకాయని రోడ్డు పక్కన పెట్టి పోవచ్చు కదా అని మీరంటారు. మా అక్క కోసిన సొరకాయ అది. దారిలో ఎవరో ఒకరు చూస్తారు, చూసి చెబుతారు. పైగా తినే వస్తువుని పారేసే చేతులు కావు నావి. అందుకని కొణకంచి అడ్డరోడ్డు దగ్గర మా పిన్ని ఇంటికి తిప్పాను. ఆమెకి ఎనభై దగ్గరపడుతోంది, కళ్ళు సరిగా కనపడవు. ఈసారి జాగ్రత్తగా ఆలోచించాను. సొరకాయకి గిన్నె లేదు. తిరిగివ్వటానికి ఏమీ ఉండదు. నెయ్యి కూడా ఇవ్వబోయాను.

"నెయ్యి నాకు పడదురా అబ్బాయ్, షుగరు. సొరకాయ మాత్రం బంగారంలాంటిది తెచ్చావు. ఎక్కడికి ప్రయాణం?"

"గుడిమెట్ల, పిన్నీ. రాత్రికి ఏటి ఒడ్డున పడుకుంటాం."

"ఏట్లోనా? ఏం తింటారు రాత్రికి?"

"ఏదో ఒకటి తింటాంలే."

"ఏదో ఒకటి ఏంట్రా! చేతులూపుకుంటూ వచ్చినా పంపను, సొరకాయ తెచ్చినవాణ్ణి పంపుతానా?"

కళ్ళు కనపడవని చెప్పాను కదా. దొడ్లోకి వెళ్ళి నాటుకోడిని ఒక్క పట్టుకి పట్టింది. కాళ్ళు కట్టి నా హ్యాండిల్‌కి తగిలించింది. "చారు పెట్టుకోండి నాయనా, ప్రార్థన చేసుకుని తినండి," అంది. కోడి నన్ను చూసింది. నేను కోడిని చూశాను. ఇద్దరికీ ఆ ట్రిప్పు ఇష్టం లేదు.

కొక్కెం కాటా తీసి అక్కడే తూచాను. తొమ్మిది కిలోల ఎనిమిదొందలు.

అప్పుడే మా ఆవిడ ఫోన్. "వదిన ఫోన్ చేసింది. పచ్చడి బావుందంట. మీకోసం చేసింది ఊరంతా పంచుతున్నారా?"

పెట్టేశాను. ఇది తర్వాత తేలాల్సిన విషయం.

షావుకారు కొట్టు సెంటర్ నుంచి లోపలికి, కాటాలూ బస్తాలూ ఉండే వీధిలో ఉంది. ఫిబ్రవరి అంటే అక్కడ అడుగుపెట్టినవాడు తుమ్మకుండా బయటికి రాడు. కొట్టు నిండా మిరపకాయల బస్తాలు, వాటి మీద కూర్చుని రైతులు ఆరుగురు తమ వంతు కోసం చూస్తున్నారు. లెక్చరర్ గారు అప్పటికే వచ్చి ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడ్డారు. నేను సైకిల్ లోపలికి నడిపించగానే నా కోడి తుమ్మింది.

"ఏంట్రా ఇది?" అన్నాడు షావుకారు.

"దారిలో మా పిన్ని ఇచ్చింది."

"ఇంకా ఎంతమంది చుట్టాలున్నార్రా నీకు ఈ రోడ్డు మీద?"

వాళ్ళ సంచులు ముందే తూచారు. లెక్చరర్ గారిది ఆరు కిలోల నాలుగొందలు, షావుకారుది ఏడు. ఇప్పుడు నాది. నేను కోడిని విప్పబోయాను. లెక్చరర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"తియ్యటాలు లేవండి మాస్టారూ. ముందే చెప్పా."

"కోడి సామాను ఎలా అవుతుందండీ? ప్రాణమున్నది. మీ లెక్కన నన్ను కూడా తూచాలి."

"రాత్రికి మీరు తినేది సామానే. తూచండి షావుకారు గారూ."

సంచి, నెయ్యి సీసా, కోడి, అన్నీ ఒకేసారి కాటా ఎక్కాయి. కోడి రెక్కలు కొట్టుకున్నప్పుడల్లా ఎర్ర అంకెలు గెంతాయి. ఆగినప్పుడు షావుకారు పొద్దున్నుంచీ బస్తాలకి పలికినట్టే గట్టిగా పలికాడు.

"తొమ్మిది ఎనిమిదొందలు! తరుగు పోను…"

అని ఆగిపోయాడు. అలవాటు నోరు.

తరుగంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రైతు బస్తా కాటా మీద ఎంత తూగినా, దానిలోంచి సంచికని ఒక కిలో, తేమకని ఒక కిలో తగ్గించి లెక్క కడతారు. కాయలు ఎంత ఎండినా తేమ ఉన్నట్టే. మా నాన్న ఎకరంన్నర కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆయనతో ఇదే కొట్టుకి వచ్చి, ఇదే మూల నిలబడ్డాను. అప్పుడు కాటా దగ్గర వీడి తండ్రి ఉండేవాడు. "తరుగు దేనికండీ, పది రోజులు ఎండబెట్టాంగా?" అని నేనడిగాను. పెద్ద షావుకారు నన్ను చూడకుండా మా నాన్ననే చూసి, "మీవాడు చదువుకుంటున్నాడా? మంచిది," అన్నాడు. మా నాన్న తల దించుకుని నా భుజం మీద చెయ్యేసి వెనక్కి లాగాడు. ఆ చెయ్యి బరువు ఏ కాటాకీ అందదు.

"ఆగావేం?" అన్నాను. "చెప్పు. తరుగు పోను ఎంత?"

"నోరు జారిందిరా. నీ సంచికి తరుగేంటి?"

"నా సంచి సంచి కాదా? సంచికో కిలో తియ్యి. తేమకో కిలో తియ్యి."

"తేమెక్కడుందిరా నీ సంచిలో?"

"నీళ్ళ సీసా ఉంది. వీళ్ళ కాయల్లో ఉన్న తేమ కంటే నా సీసాలోదే ఎక్కువ."

బస్తాల మీద కూర్చున్నవాళ్ళు అప్పటిదాకా నన్నూ కోడినీ చూసి నవ్వుకుంటున్నారు. నవ్వు ఆపేశారు. అందులో తలపాగా పెద్దాయన ఒకాయన లేచి దగ్గరికొచ్చాడు.

"మాస్టారు న్యాయంగానే అడిగారు షావుకారు గారూ. నా కాయలు కల్లంలో పన్నెండు రోజులు ఎండినయ్యి, గలగలమంటన్నయ్యి. అయినా తేమకి తీసేశారు. నీళ్ళ సీసాకి తియ్యటానికేం?"

"అది వ్యాపారం పెద్దాయనా. ఇది సరదా."

"కాటా ఒకటేగా?"

షావుకారు ముఖంలో ఎన్ని రంగులు మారాయో నేను లెక్కపెట్టాను. నాకు తరుగు లేదంటే, తరుగు అక్కర్లేని సంచి కూడా ఒకటుంటుందని ఆరుగురు రైతుల ముందు ఒప్పుకున్నట్టు. ఉందంటే నేను గుడిమెట్ల వస్తాను. గొంతు తగ్గించి అన్నాడు.

"తరుగు పోను ఏడు ఎనిమిదొందలు."

"కాగితం మీద తగ్గితే రోడ్డు మీద తగ్గుతుందాండీ?" అన్నారు లెక్చరర్ గారు. "బరువు బరువేగా?"

"తగ్గుద్దండి," అన్నాడు షావుకారు. అప్పుడు నవ్వాడు. వాళ్ళ నాన్న నవ్వే. "తరుగు పోయిన సరుకు కొట్టులోనే ఉండిపోద్ది. ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి." అంటూ కోడిని, నెయ్యి సీసానీ కాటా మీద నుంచి ఎత్తి లోపల గదిలో పెట్టాడు.

కోడి కిలో మూడొందలు. సీసా తొమ్మిదొందలు. రెండు కిలోల తరుగుకి రెండు కిలోల రెండొందలు తీసుకున్నాడు. ఆ మాట అక్కడే అన్నాను. విననట్టు నటించాడు. కానీ కాటా మీద మిగిలిన అంకె ఏడు ఆరొందలు, లెక్చరర్ గారు వంగి రెండుసార్లు చూసుకుని, "సరే పదండి," అన్నారు.

పదండి అన్నంత సులువుగా ముగ్గురం కదలలేదు. తలపాగా పెద్దాయన షావుకారు చొక్కా పట్టుకోలేదు గానీ అంత పనీ చేశాడు.

"మాస్టారి తరుగు కళ్ళ ముందు తీసి, ఇదిగో ఇదీ అని చూపించారు. మా తరుగు ఎటు పోతందో మాక్కూడా చూపించండి. అప్పుడు పోదురుగాని ఏటికి."

మిగతా అయిదుగురూ బస్తాలు దిగారు. షావుకారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. "మీరు పోతా ఉండండి, నేనొస్తా," అన్నాడు.

అలా గుడిమెట్లకి నేనూ లెక్చరర్ గారూ ఇద్దరమే వెళ్ళాం. చందర్లపాడు దాకా ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నేను ముందు మాట్లాడే మనిషిని కాను. కానీ సైకిల్ మాట్లాడింది. నాలుగేళ్ళలో మొదటిసారి అది నేను తొక్కినట్టు పోయింది. హ్యాండిల్ ఊగలేదు, పుల్లలు మూలగలేదు. ఎత్తు మీద ఆయన్ని దాటేశాను. దాటాక వెనక నుంచి వినిపించింది.

"బానే తొక్కుతున్నారే మాస్టారూ."

బానే. బాగా కాదు, బానే. సరేలే అనుకున్నాను.

కృష్ణ ఒడ్డున గుడారాలు వేసి, నేను పట్టా పరిచి, లుంగీ కట్టుకుని కూర్చునేసరికి పొద్దు వాలింది. తినటానికి మా దగ్గర ఉన్నది లెక్చరర్ గారి అటుకుల పొట్లం ఒక్కటి. నూటయాభై గ్రాములు. తేలిక సామాను అంటే ఇదీ అని ఆయన నాలుగేళ్ళుగా చెబుతున్నారు కాబట్టి, నేను ఏమీ అనకుండా ఆ పొట్లాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన కూడా దాన్నే చూశారు.

చీకటి పడే వేళకి గట్టు మీద సైకిల్ గంట మోగింది. షావుకారు. హ్యాండిల్‌కి ఒక పక్క మూడు గిన్నెల క్యారేజీ, రెండో పక్క ఇంకో మూడు గిన్నెల క్యారేజీ. ముఖం గంటు పెట్టుకుని వచ్చి రెండూ నా పట్టా మీద దించాడు.

"ఆరుగురికీ తరుగు లేకుండా తూచా," అన్నాడు. "ఇవాళ్టికే. రేపట్నుంచి మామూలే. ఇంకెప్పుడూ నా కొట్లో నోరు తెరవమాక."

"నేను తెరవలేదు. నువ్వే తెరిచావు."

"తిని చావు."

మూతలు తీశాం. కోడికూర. వాళ్ళ ఆవిడ నేతిలో వేయించి వండిందట. వాసన చూడగానే ఆ నెయ్యి ఏ ఇంటి పొయ్యి మీద కాచిందో నాకు తెలిసిపోయింది. ఆ క్యారేజీలు అయిదు కిలోలకి తక్కువ ఉండవు. పొద్దున్నే ఏడు కిలోలు చూపించిన మనిషి పన్నెండు కిలోలతో దిగాడు. రూలు పెట్టిన లెక్చరర్ గారు అందరికంటే ముందు పళ్ళెం చాపారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను అనవచ్చు. అనలేదు. ఆకలిగా ఉంది.

వడ్డించింది షావుకారు. కాళ్ళు రెండూ చెరొకటి వాళ్ళిద్దరికీ. నాకు మెడ. ఎవరి పిన్ని కోడి అది?

అంతా సగం తిన్నాక లెక్చరర్ గారు ఏటి వైపు చూస్తూ మామూలుగా అన్నారు. "వచ్చే నెల మైలవరం వైపు పోదామా? నలుగురం. మేనేజరు గారికి కూడా చెబుదాం."

నలుగురం. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆయన, షావుకారు, మేనేజరు. మూడు. నాలుగో వేలు నాదే. రెండోసారి లెక్కపెట్టినా అంతే వచ్చింది. మెడముక్క పక్కన పెట్టి అడిగాను.

"ఎన్ని కిలోలు?"

"ఎనిమిదేనండి. అదే రూలు."

"సంచితోనా, సంచి పోనా?"

షావుకారు నమలటం ఆపి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. కాటా దగ్గర అంతసేపు వాళ్ళ నాన్న మమ్మల్ని చూసి ఉంటే ఏమయ్యేదో.

"సంచి పోనేలేరా," అన్నాడు. "తిను ముందు."

లెక్చరర్ గారు అభ్యంతరం చెప్పబోయారు. కానీ నోటినిండా కోడికాలు ఉంది.